“సార్, మావాణ్ని డబుల్స్‌లో ఎందుకు వేసిండ్రు?”: షటిల్ డబుల్స్ గురించి అపోహలు, వాస్తవాలు

నల్గొండలో పిల్లలకు షటిల్ నేర్పడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. అంతకుముందు డబుల్స్ ఆడాను. రాష్ట్ర స్థాయిలో ఎక్కువ, జాతీయ టోర్నీల్లో కొంచెం. ఈ పదకొండేళ్లలో తల్లిదండ్రుల నుంచి ఎక్కువసార్లు విన్న ప్రశ్న పైన ఉన్నదే. అడిగే గొంతు ఎలా ఉంటుందంటే, పిల్లాణ్ని ఏ సెక్షన్ నుంచి తీసి బీ సెక్షన్‌లో కూర్చోబెట్టినట్టు.

వాళ్ల తప్పు కూడా కాదు. మన దగ్గర డబుల్స్ అంటే కళ్ల ముందు మెదిలేది పొద్దున ఆరింటికి ఆడే పెద్ద సార్లు. కోర్టుకు గంట లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి నలుగురు కలుస్తారు. ఒకాయన వెనక నిలబడి బాదుతాడు, ఇంకొకాయన నెట్ దగ్గర నిలబడి “నీదే, నీదే” అంటాడు. ఆ ఆటను చూసి డబుల్స్‌ను అంచనా వేస్తే ఇలాంటి అపోహలే పుడతాయి.

అపోహ: సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లే డబుల్స్‌కు వస్తారు.

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ టోర్నీ గెలిచింది సింగిల్స్‌లో. ఆయన కూతురు గాయత్రి ఆడేది డబుల్స్. ట్రీసా జాలీతో కలిసి 2022లో, 2023లో అదే ఆల్ ఇంగ్లాండ్‌లో సెమీస్ దాకా వెళ్లింది. సింగిల్స్ గురించి ఆ ఇంట్లో తెలియనిది ఏముంటుంది?

మన చుట్టుపక్కల చూసినా సరే. సిక్కి రెడ్డిది కోదాడ. 2018 కామన్వెల్త్ క్రీడల్లో అశ్విని పొన్నప్పతో కలిసి డబుల్స్ కాంస్యం తెచ్చింది, అదే ఏడాది అర్జున అవార్డు అందుకుంది. సాగర్ రోడ్డులో ఉండే గుంగల్‌కు చెందిన సుమీత్ రెడ్డి, మను అత్రితో కలిసి 2016లో రియో ఒలింపిక్స్ ఆడాడు. మా పిల్లలకు డబుల్స్ ఆడే అమలాపురం సాత్విక్ పేరు తెలుసు గానీ, పక్క ఊళ్ల పేర్లు చెబితే “అవునా సార్?” అంటారు.

అపోహ: సగం కోర్టు, కాబట్టి సగం కష్టం.

ముందు లెక్క చెబుతా. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌కు 6.1 మీటర్లు. అంటే రెండు పక్కలా 46 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. పొడవు రెండింటికీ 13.4 మీటర్లే.

పరుగు తక్కువన్న మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ తక్కువైనది పరుగు ఒక్కటే. సింగిల్స్‌లో షటిల్ వెనక్కి లేపి ఊపిరి పీల్చుకోవచ్చు. డబుల్స్‌లో లేపావంటే స్మాష్ వస్తుంది, తిప్పి పంపితే ఇంకోటి వస్తుంది, మధ్యలో నెట్ దగ్గర ఒకడు కాచుకుని ఉంటాడు. పైగా నిలబడే చోటు నిమిషానికి పదిసార్లు మారుతుంది. దాడి చేస్తుంటే ఒకరి వెనక ఒకరు, కాచుకుంటుంటే పక్కపక్కన. ఈ మారడాన్నే రొటేషన్ అంటాం. సింగిల్స్ నుంచి వచ్చిన పిల్లాడికి కాళ్ల బలం ఉంటుంది గానీ, ఎటు కదలాలో తెలియక తన జోడీ కాలు తొక్కుతాడు. ఇది తెలియడానికే రెండేళ్లు పడుతుంది.

మధ్యలోకి వచ్చిన షటిల్ ఎవరిది అనేది ఇంకో పెద్ద గొడవ. కాచుకునేటప్పుడు మేం నేర్పేది ఇదీ: కొట్టేవాడికి ఎదురుగా ఉన్నవాడు తన పక్క లైను చూసుకోవాలి, ఐమూలగా ఉన్నవాడు మధ్యకు జరిగి దాన్ని తీసుకోవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. మ్యాచ్‌లో 19-19 దగ్గర ఇద్దరూ ఆగిపోతారు, షటిల్ ఇద్దరి మధ్యా పడుతుంది, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అపోహ: స్మాష్ గట్టిగా ఉంటే చాలు.

2023లో సాత్విక్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. ఆ వీడియో చూశాక మా దగ్గర పిల్లలందరికీ భుజాలు నొప్పులే. ఆ రికార్డు జపాన్‌లో పరీక్ష పెట్టి కొలిచింది, మ్యాచ్‌లో కొట్టింది కాదు. మ్యాచ్‌లో ఆ స్మాష్ కొట్టే అవకాశం రావాలంటే ముందు సర్వీస్, ఆ సర్వీస్‌కు జవాబు, దాని తర్వాతి దెబ్బ సరిగ్గా పడాలి. డబుల్స్‌లో సగం పాయింట్లు ఆ మూడు నాలుగు దెబ్బల్లోనే తేలిపోతాయని నా అనుభవం.

సర్వీస్ చేసేటప్పుడు షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపలే ఉండాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. దాన్ని మధ్యలో 1.524 మీటర్ల ఎత్తుండే నెట్ మీదుగా, తగిలీ తగలనట్టు పంపాలి. ఎత్తుగా వెనక్కి కొడదామా అంటే డబుల్స్‌లో సర్వీస్ దాటకూడని గీత వెనక గీతకన్నా 76 సెంటీమీటర్లు ముందే ఉంటుంది, ఎదుటివాడు ఒక్క అడుగు వెనక్కి వేసి బాదేస్తాడు. అందుకే రోజూ వంద సర్వీసులు వేయిస్తా. పిల్లలకు ఇదంటే పరమ బోర్. నాకూ ఆ వయసులో బోరే.

అపోహ: మంచి స్నేహితులైతే మంచి జోడీ.

సాత్విక్, చిరాగ్ శెట్టి మొదట్లో స్నేహితులేమీ కారు. ఒకరిది అమలాపురం, ఒకరిది ముంబై. పైగా ఇద్దరూ వెనక నుంచి బాదే రకమే. వాళ్లను జత చేసింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. ఆ జోడీ 2023 అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరు పిల్లలను వాళ్ల నాన్నలు జోడీగా తీసుకొస్తే నేను మొదట చూసేది ఒకటే: ఒకడు పాయింట్ పోగొడితే ఇంకొకడు ఏం చేస్తాడు? తల అడ్డంగా ఊపేవాడితో కష్టం.

అపోహ: కష్టపడితే ర్యాంకు నాదే.

ఇది మాత్రం కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే డబుల్స్ ఆడేవాడి జీవితం మొత్తం ఇక్కడే తిరుగుతుంది. ప్రపంచ ర్యాంకింగ్‌లో గడిచిన 52 వారాల్లో ఆడిన వాటిలో మెరుగైన పది టోర్నీల పాయింట్లు లెక్కేస్తారు. డబుల్స్‌లో ఆ ర్యాంకు జోడీది. ఒకే మనిషి ఇద్దరు వేర్వేరు జోడీదారులతో ఆడితే రెండు ర్యాంకులు ఉంటాయి. మ్యాచ్ మధ్యలో ఒకరు దెబ్బ తగిలి కూలబడితే బదులుగా ఇంకొకరిని దింపే వీలు లేదు, ఇద్దరూ తప్పుకోవాల్సిందే.

నా జోడీదారు మిర్యాలగూడ అబ్బాయి. ఎడమచేతి వాటం. “అన్నా, నువ్వు ముందు నిలబడు, వెనక నేను చూసుకుంటా” అనేవాడు. మొదటి ఆరు నెలలు మా ఇద్దరి ఫోర్‌హ్యాండ్‌లూ మధ్యకే వచ్చి రాకెట్లు ఠంగుమని గుద్దుకునేవి. రెండు రాకెట్లు విరిగాయి కూడా. కుదిరాక మాత్రం మాటలే అక్కర్లేకపోయేది. ఆరో ఏడు అతని మోకాలి లిగమెంట్ తెగింది. తొమ్మిది నెలలు ఆట లేదు. నాకు ఒంట్లో ఏ నొప్పీ లేదు, రోజూ ప్రాక్టీసుకు వెళ్తున్నా, అయినా మా జోడీ పాయింట్లు కరిగిపోతూనే ఉన్నాయి. ఇంకో కుర్రాడితో బరిలో దిగితే సీడింగ్ (మేటి ఆటగాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) లేదు, తొలి రౌండ్‌లోనే టాప్ సీడ్ ఎదురు. ఆ తొమ్మిది నెలల్లో అతని మీద కోపం కూడా వచ్చింది, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అతను కోలుకున్నాక ఉద్యోగంలో చేరిపోయాడు. నేను కోచింగ్‌కు వచ్చాను.

అపోహ: ఇండోర్ ఆటే కదా, ఎండతో పనేముంది?

మే నెలలో మా హాల్‌కు రండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, షటిల్ వేగంగా పోతుంది, వెనక గీత దాటి అవుట్ అవుతుంది. అందుకే ఎండాకాలం నెమ్మది రకం షటిల్ వాడతాం. షటిల్‌కుండే పదహారు ఈకలు ఎండిపోయి పుటుక్కున విరుగుతాయి కాబట్టి ముందు రోజే వాటికి ఆవిరి పడతాం. ఫ్యాన్లు వేస్తే షటిల్ పక్కకు కొట్టుకుపోతుంది, కాబట్టి వేయం.

అపోహ: ముప్పై దాటితే అయిపోయినట్టే. డబ్బూ సగమే.

వయసు సంగతి: ఇండోనేసియా ఆటగాడు హెండ్రా సెటియావన్ 2019లో ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి 35 ఏళ్లు. అంతకు పన్నెండేళ్ల ముందు వేరే జోడీదారుతో అదే టైటిల్ గెలిచాడు. నెట్ దగ్గర చేతి నైపుణ్యంతో నెగ్గేవాడు. మోకాళ్లు అరిగినా ఆ చెయ్యి అరగదు.

డబ్బు సంగతిలో మాత్రం అపోహలో కొంత నిజముంది. పెద్ద టోర్నీల్లో గెలిచిన జోడీకి ఇచ్చేది సింగిల్స్ విజేతకు ఇచ్చేదానికన్నా కాస్తే ఎక్కువ, దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ఆ స్థాయికి చేరేది బహు కొద్దిమంది. మిగతావాళ్లకు ఆధారం రైల్వే లాంటి సంస్థల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. డిగ్రీ వదిలేసి ఆడించండని నేను ఏ తండ్రికీ చెప్పను. మంచి ఈకల షటిళ్ల ట్యూబు కొనేటప్పుడే డబ్బు విలువ తెలిసిపోతుంది, గట్టిగా ప్రాక్టీసు చేస్తే ఒక్క పూటకు ఒక ట్యూబు అయిపోతుంది.

పోయిన నెల “మావాణ్ని డబుల్స్‌లో ఎందుకు వేసిండ్రు?” అని అడిగిన తండ్రి ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి గ్యాలరీలో కూర్చుంటున్నాడు. పక్కన జోడీ పిల్లాడి నాన్న. ట్యూబు ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకుంటున్నారట. మధ్యలో పడ్డ షటిల్ ఎవరిదన్న దాని మీద మాత్రం పైన కూర్చుని వాళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారు.