ఇరవైసార్లు చూసినా

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఫర్ లూప్ వాడి ఏడో ఎక్కాన్ని తెరమీద రప్పించాలి. ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజీ నేర్చుకునేవాళ్ళకి మొదట్లోనే ఇచ్చే పని అది. మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో, కందుకూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి దానిముందు పావుగంట అలాగే కూర్చుండిపోయింది. "వీడియో మూడుసార్లు చూశా సార్. చూసేటప్పుడు అంతా అర్థమైంది. ఈడ కూర్చుంటే మొదటి లైనే రావట్లేదు" అంది. గొంతు వణికింది.

ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల్లో పడ్డవాళ్ళకి యూట్యూబులో తెలుగులో చెప్పే పాఠం ఎంత ఆసరానో నేను రోజూ చూస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ చదువుల స్వయం పోర్టల్లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. ట్యూషన్ చెప్పేవాళ్ళే లేని ఊళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. చిక్కల్లా చూడటంతోనే వచ్చేసిందనుకోవడంలో ఉంది.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో దీనిమీదే ప్రయోగాలు ప్రచురించారు. గోడమీది బోర్డుకి గురిచూసి చిన్న బాణం విసిరే వీడియోని కొందరికి ఒకసారి, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్ళు తమకి ఎక్కువ పాయింట్లు వస్తాయనుకున్నారు. తీరా విసిరితే, ఒకసారి చూసినవాళ్ళకంటే మెరుగ్గా ఏమీ విసరలేదు. వేళ్ళ పట్టు, బరువు, వదలాల్సిన క్షణం కంటికి తెలియవు మరి. ప్రోగ్రాములోనూ అంతే. ఏ లైను ముందు రాయాలన్న నిర్ణయం వీడియోలో వేరేవాళ్ళు తీసుకుంటారు, మనం తలూపుతాం.

చదివింది గుర్తుండటం గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం మరీ కళ్ళు తెరిపించేది. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంతా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు: వాళ్ళకి 81 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకి 75 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్ళకి 42 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకి 56 శాతం.

మార్కాపురం పలకమీద ఎక్కాలు నేర్చినవాళ్ళు చేసింది ఇదే. పలక తుడిచేశాక మళ్ళీ రాయాలంటే తలలోంచే రావాలి. వీడియోలో తుడిచెయ్యడం లేదు, వెనక్కి జరిపితే అంతా అక్కడే ఉంటుంది. అందుకే నా దృష్టిలో, వీడియోని ఎక్కడ ఆపాలో తెలియడం డిజిటల్ నైపుణ్యాల్లో మొదటిది. వచ్చిన ఎర్రర్‌ని నిదానంగా చదివి, అందులో ఏ ముక్కని వెతకాలో తెలియడం రెండోది.

"ఫోన్ బోర్లా పెట్టమ్మా. గుర్తున్నంతవరకు కాగితం మీద రాయి" అన్నాను. మూడు లైన్లు రాసింది, రెండు తప్పు. అవి దిద్దుకుని టైపు చేస్తే ఎక్కం వచ్చింది గానీ ఏడు తొమ్ముల అరవై మూడు దగ్గర ఆగిపోయింది. నేను నోరు మెదపలేదు. తెర దగ్గరికి వంగి లైన్లు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ, "పది కంటే తక్కువ అని పెట్టా సార్, పది కూడా రావాలి కదా" అంది. 'కంటే తక్కువ' గుర్తు పక్కన ఒక 'ఈక్వల్ టు' చేర్చి మళ్ళీ రన్ చేసింది.