కొబ్బరి మట్ట నల్లబడితే మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

కోనసీమలో ఎండలు ముదిరేసరికి కొన్ని కొబ్బరి తోటల్లో మట్టలు మసి పట్టినట్టు నల్లగా అయిపోతున్నాయండి, కింద అంతరపంటగా వేసిన అరటి, కోకో ఆకుల మీద కూడా అదే నలుపు, అది చూసి ఇక తోట పోయినట్టే అని కంగారుపడి మందుల షాపుకి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లే ముందు ఒక్క పని చేయండి, కాయల దింపు తీసేవాళ్లు వచ్చినప్పుడు కింది వరస మట్ట ఒకటి కోయించి ఆకు వెనక్కి తిప్పి చూడండి.

తెల్లటి మైనం పొడి కనబడుతుంది, పరికించి చూస్తే అది చుట్లు చుట్లుగా ఉంటుంది. రూగోస్ తెల్లదోమ అనే రసం పీల్చే పురుగు గుడ్లు పెట్టిన గుర్తు అది. దీని పిల్లలు ఆకు అడుగున అతుక్కుపోయి రసం పీలుస్తాయి, ఒంటికి పట్టని చక్కెరంతా జిగటగా బయటికి వదిలేస్తాయి, ఆ జిగట కింది ఆకుల మీద పడి దానిమీద నల్ల బూజు పెరుగుతుంది. బూజు ఆకు లోపలికి పోదు, పైపైనే ఉంటుంది, కాకపోతే ఎండ తగలనివ్వదు కాబట్టి ఆకు ఆహారం చేసుకోవడం తగ్గి చెట్టు నీరసపడుతుంది. మామూలుగా ఒక్క ఈ పురుగు వల్లే కాపు చెట్టు చచ్చిపోదు. 1996 తుఫానుకి తోటలు నేలకూలడం చూసినవాళ్లకి చెట్టు మీద భయం ఉండటం సహజమే, ఆ భయంలో తీసుకునే నిర్ణయమే ఇక్కడ దెబ్బ కొడుతోంది.

ఈ పురుగు మన దేశంది కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో కొబ్బరి మీద దొరికితే 2004లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు, 2009లో ఫ్లోరిడాలో కనబడింది, 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు బయటపడింది, ఆ ఏడాది చివరికల్లా మన కడియం దగ్గరికి వచ్చేసింది. కడియం అంటే నర్సరీలే కదా, ఎక్కడెక్కడి మొక్కలో వచ్చిపోయే చోటు. ఆకు అడుగున నాలుగు గుడ్లుంటే చాలు, మొక్కతోపాటే అవీ లారీ ఎక్కేస్తాయి. అందుకే ఏ నర్సరీలో మొక్క కొన్నా ముందు ఆకు అడుగు చూడమని నేను కనబడిన ప్రతివాళ్లకీ చెప్తుంటాను.

అసలు విశేషం ఏంటంటే ఈ దోమని వెంటాడే శత్రువు కూడా మన దేశంలో కనబడింది, ఎవరూ పనిగట్టుకుని తెచ్చి వదల్లేదు. పేరు ఎన్‌కార్సియా గ్వాడెలూపే, మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి పురుగు. ఇది తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది, లోపల పుట్టిన పిల్ల ఆ దోమ పిల్లని తినేసి, పైన గుండ్రంగా చిల్లు చేసుకుని ఎగిరిపోతుంది. మనం ఘాటైన పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే, తెల్లదోమ పిల్లలకి మైనం కప్పు ఉంది, పైగా ఆకు అడుగున ఉంటాయి, అంత ఎత్తు చెట్టుకి మందు అక్కడిదాకా సరిగ్గా అందదు కూడా. డబ్బు పెట్టి మరీ మన కాపలావాడిని మనమే చంపుకుంటున్నాం.

అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో ఈ దోమని తినే డైకోక్రైసా అనే రెక్కల పురుగుని పెంచుతున్నారు, ఇసారియా అనే శిలీంధ్రం కూడా ఉంది, దోమ మీద మొలిచి దాన్ని చంపేస్తుంది, దాని మంచి రకాన్ని గుర్తించింది బెంగళూరులోని జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్. లేత చెట్లయితే నీళ్లు గట్టిగా కొట్టినా పురుగు తగ్గుతుంది, పసుపు షీట్లకి ఆముదం రాసి కడితే పెద్ద దోమలు అంటుకుంటాయి, వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టొచ్చు. నల్ల బూజుకి గంజి పిచికారీ చేస్తే ఎండకి పెచ్చులుగా ఊడిపోతుంది, ఎంత తేలికైన ఉపాయమో చూడండి.

కందిరీగ పని మొదలైందో లేదో తెలియాలంటే భూతద్దం పెట్టి తెల్లదోమ గూళ్లు, అంటే ఆకు అడుగున అతుక్కున్న పిల్లల పెంకులు చూడండి, ముదురు గోధుమరంగులోకో నలుపులోకో మారి ఉంటే కందిరీగ లోపల ఉన్నట్టు, గుండ్రటి చిల్లు ఉంటే బయటికి వెళ్లిపోయినట్టు. ఇంకా చిల్లు పడని నల్ల గూళ్లు బాగా ఉన్న ఆకు ముక్కలు కోసి, దోమ ఉండి కందిరీగ లేని తోటలో చెట్లకి కట్టొచ్చు, ముక్కలో తెల్లగా బతికున్న పిల్లలు ఎక్కువగా ఉంటే మాత్రం ఆ ముక్క వాడకండి.