బౌలింగ్ రేట్లు ఇంతలా ఎందుకు పెరిగాయి? లేన్ వెనుక నడిచిన కథ

పర్యాటకులు తిరిగే ప్రాంతంలో సరదాగా బౌలింగ్‌కి, అంటే బంతి దొర్లించి ఆ చివరనున్న పిన్నులను పడగొట్టే ఆటకి, వెళ్లిన కుటుంబం బిల్లు చూసి కంగుతినడం ఇప్పుడు మామూలైపోయింది. ఒకప్పుడు మనిషికి, గేమ్‌కి లెక్కగట్టేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల లేన్‌కి (బంతి దొర్లించే పొడవాటి బాటకి), గంటకి లెక్క. మంగళవారం మధ్యాహ్నం ఒక రేటు, శనివారం సాయంత్రం ఇంకో రేటు. షూస్ అద్దె చాలాసార్లు వేరు. బుకింగ్ ఫీజు, సర్వీస్ చార్జీ లాంటివి డబ్బు కట్టబోయే ముందు చివరి స్క్రీన్ మీద వచ్చి చేరతాయి.

అన్నీ పెరిగాయి, ఇదీ పెరిగింది అని సరిపెట్టుకోవచ్చు. కానీ అందులో సగమే నిజం ఉంది. అమెరికాలో బౌలింగ్ సెంటర్ ఎవరి మీద ఆధారపడి బతుకుతుందన్నది గత నలభై ఏళ్లలో మారిపోయింది. వారం వారం వచ్చే ఆటగాడి కోసం నడిచిన చోటు, ఒక్కసారి వచ్చి వెళ్లిపోయే అతిథి కోసం నడవడం మొదలుపెట్టింది. ధరల కథంతా ఆ మార్పులోనే ఉంది.

అసలు ఈ ఆట చౌకగా ఎలా ఉండేదో ముందు చూడాలి. 1895 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ అనే ఆటగాళ్ల సంఘం ఏర్పడి, టెన్‌పిన్ బౌలింగ్‌ని ఒకే రకం నియమాల కిందికి తెచ్చింది. ఫౌల్ లైన్ (బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు, చివర పది పిన్నులు, 16 పౌండ్లు మించని బంతి. ఇవాళ మనం ఆడేదీ ఇదే. తేడా ఏమిటంటే, పడిపోయిన పిన్నులను అప్పుడు నిలబెట్టింది మనుషులు. చాలాచోట్ల పిల్లలు. లేన్ చివర, పిన్నుల వెనక గట్టు మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవాళ్లు. బంతి తగలగానే కిందికి దూకి, చెల్లాచెదురైన పిన్నులు ఏరి, బంతిని పట్టాల మీద వెనక్కి దొర్లించి, రెండో బంతి వచ్చేలోపు మళ్లీ గట్టెక్కాలి. ఒక్కో పిన్ను కిలోన్నర పైనే ఉంటుంది. అది ఎగిరొచ్చి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బాలకార్మికుల బతుకుల్ని కెమెరాతో లోకానికి చూపించిన లూయిస్ హైన్ తీసిన ఫొటోల్లో ఈ పిన్ బాయ్‌లు కూడా ఉన్నారు, రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసినవాళ్లు. ఆ రోజుల్లో ఆట అగ్గువగా దొరికేదని ముచ్చటపడేవాళ్లు ఆ ఫొటోలు కూడా ఒకసారి చూడాలి.

యంత్రం వచ్చాకే ఆట నిజంగా అందరిదీ అయింది. పిన్నులను తనే నిలబెట్టే యంత్రం, ఫ్రెడ్ షమిట్ రూపొందించిన పిన్‌సెట్టర్, హక్కులు కొన్న ఏఎంఎఫ్ కంపెనీ 1946లో బఫెలోలో జరిగిన టోర్నమెంట్‌లో దాన్ని ప్రదర్శించింది. నమ్మకంగా పనిచేసే యంత్రాలు సెంటర్లలోకి రావడానికి 1950ల మొదలు దాకా పట్టింది. కొన్నేళ్లకే పోటీ కంపెనీ బ్రన్స్‌విక్ తన యంత్రంతో దిగింది. ఇక పిన్ బాయ్‌ల కోసం వెతుక్కునే పని లేదు. పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా లేన్లు తెరిచి ఉంచొచ్చు. నగర శివార్లలో, కార్లు ఆపుకోవడానికి పెద్ద స్థలాలతో వరుసగా సెంటర్లు లేచాయి.

ఈ సెంటర్లను నిలబెట్టింది లీగ్‌లు. ధరల విషయంలో అసలు కీలకం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. లీగ్ అంటే ఓ ఫ్యాక్టరీ వాళ్లో, ఓ చర్చి వాళ్లో, ఓ వీధి వాళ్లో జట్లు కట్టి, వారంలో ఫలానా రోజు ఫలానా టైముకి లేన్లు మావి అని సీజన్ మొత్తానికి ముందే ఖాయం చేసుకోవడం. సీజన్ అంటే సుమారు ముప్పై వారాలు. యజమానికి వచ్చే డబ్బు ఎంతో ముందే తెలిసేది. బదులుగా ఆటగాళ్లకు రేటు తక్కువ. రేటు పెంచాలంటే జట్ల కెప్టెన్లకు ముఖాముఖి చెప్పాలి. వాళ్లకు నచ్చకపోతే లీగ్ మొత్తం ఎత్తుకుని పక్క సెంటర్‌కి పోతారు. ధరకు పగ్గం వేసింది ఏ చట్టమూ కాదు, కలిసికట్టుగా బేరమాడగలిగిన ఈ మామూలు మనుషులే. 1980 ప్రాంతంలో ఒక్క అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్‌లోనే 45 లక్షలకు పైగా సభ్యులు ఉండేవాళ్లు. మహిళల సంఘం, పిల్లల లీగ్‌లు అదనం.

తర్వాత అది కరిగిపోయింది. 1980 నుంచి 1993 మధ్య అమెరికాలో బౌలింగ్ ఆడేవాళ్లు పది శాతం పెరిగితే, లీగ్‌లలో ఆడేవాళ్లు నలభై శాతం తగ్గారని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నమ్ 1995లో రాశాడు. జనం మధ్య బంధాలు పలచబడుతున్నాయని చెప్పడానికి ఆయన ఆ లెక్క వాడాడు. సెంటర్ యజమానికి మాత్రం అదే లెక్క ఇంకోలా కనిపిస్తుంది. ఆడేవాళ్లు ఉన్నారు, కానీ ఎప్పుడొస్తారో తెలియదు. వారం మధ్య రాత్రులు ఖాళీ. వచ్చేదంతా శుక్ర, శనివారాల్లో. లేన్ ఖాళీగా ఉన్నా దాని ఖర్చు ఆగదు, నిన్నటి ఖాళీ గంటను ఇవాళ అమ్ముకోలేరు. దాంతో వారమంతటి భారం రెండు సాయంత్రాల మీద పడింది.

1990ల మధ్యలో వచ్చిన చీకటి గదులు, మెరిసే బంతులు, హోరెత్తే సంగీతం ఈ ఇబ్బందికి పరిశ్రమ వెతుక్కున్న జవాబు. 1997లో టామ్ షానన్ అనే వ్యాపారి న్యూయార్క్‌లోని పాత బౌలింగ్ సెంటర్ బౌల్‌మోర్ లేన్స్‌ని కొని, దాన్ని రాత్రి వినోదానికి చిరునామాగా మార్చాడు. 2003లో హాలీవుడ్‌లో తొలి లక్కీ స్ట్రైక్ తెరుచుకుంది. సోఫాలు, బార్, పెద్ద తెరలు, మధ్యలో బౌలింగ్. 2012 చివర్లో ఫ్లోరిడాలో డిస్నీ వారి షాపింగ్ ప్రాంతంలోకి స్ప్లిట్స్‌విల్ వచ్చింది. ఈ కొత్త రకం చోట్ల పోటీ పక్క వీధి బౌలింగ్ సెంటర్‌తో కాదు. సినిమాతో, కచేరీతో, థీమ్ పార్కుతో. వాటి టికెట్టుతో పోల్చి చూస్తే ఎంత రేటు పెట్టినా పర్వాలేదనిపించే పరిస్థితి అలా వచ్చింది.

గంట లెక్క బాగా పాతుకుపోయింది కూడా ఇక్కడే. ఒక మనిషి ఒక గేమ్ పూర్తి చేయడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. ఇద్దరు వెళితే గంటలో తలో మూడు గేమ్‌లు. ఆరుగురు వెళితే తలో గేమ్, అదీ ఎవరూ ఆలస్యం చేయకపోతేనే. గేమ్ లెక్క ఉన్నప్పుడు ఆలస్యం యజమానికి నష్టం. గంట లెక్కలో ఆ నష్టం ఆడేవాళ్ల నెత్తిన పడుతుంది. చిన్నపిల్ల వదిలిన బంతి మెల్లగా దొర్లుతూ సగం దూరంలో ఆగిపోయినా, యంత్రం మొరాయించి మెకానిక్ రావాల్సి వచ్చినా, గడియారం తిరుగుతూనే ఉంటుంది. యంత్రం ఆగిన నిమిషాలను అడిగితే కలిపే చోట్లు ఉన్నాయి. అడగాలని తెలియని కొత్తవాళ్లే పర్యాటక ప్రాంతాల్లో ఎక్కువ. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

పర్యాటక ప్రాంతంలో మిగతా చోట్ల ఉన్న చిక్కులన్నీ రెట్టింపవుతాయి. సీజన్‌లో ప్రతిరోజూ శనివారమే. సీజన్ పోయాక వారాలకు వారాలు ఖాళీ. ఏడాది ఖర్చు కొన్ని నెలల్లో రాబట్టుకోవాలి. వచ్చినవాళ్లకు పోయినేడు రేటు ఎంతో తెలియదు. వాన పడుతుంటే, పిల్లలు గోల చేస్తుంటే, హోటల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నది ఇదొక్కటే అయితే బేరం ఎక్కడ? నచ్చకపోతే మళ్లీ రారు, కానీ ఎలాగూ మళ్లీ వచ్చేవాళ్లు కాదు. అక్కడే పుట్టి పెరిగి, హోటళ్లలో, షాపుల్లో పనిచేసేవాళ్లకు మాత్రం తమ ఊళ్లోని లేన్ తమకే అందనిదైపోతుంది. వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది.

దీని వెనకాల పెట్టుబడి కథ ఒకటి ఉంది. 1996లో గోల్డ్‌మాన్ శాక్స్ నాయకత్వంలోని మదుపరులు ఏఎంఎఫ్‌ని వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. అప్పుల భారంతో ఆ కంపెనీ 2001లో దివాలా రక్షణ కోరింది, 2012లో మళ్లీ కోరింది. 2013లో షానన్ బౌల్‌మోర్ దానితో కలిసిపోయింది, అలా ఏర్పడిన కంపెనీ మరుసటేడు బ్రన్స్‌విక్ సెంటర్లను కొనేసింది. బౌలెరో అనే పేరుతో 2021 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌కి వెళ్లింది. 2023లో లక్కీ స్ట్రైక్‌ని కొని, 2024 చివర్లో ఆ పేరే తను పెట్టుకుంది. ఒకప్పుడు పక్కపక్కన పోటీపడిన పేర్లు చాలావరకు ఒకే గూటికి చేరాయి. లీగ్ కెప్టెన్ అలిగి పోదామన్నా, పక్క సెంటర్ కూడా అదే కంపెనీది కావచ్చు.

2023 అక్టోబరులో ఇదే కంపెనీ 38 సెంటర్ల స్థలాలను, భవనాలను వీచీ ప్రాపర్టీస్ అనే సంస్థకు 43.29 కోట్ల డాలర్లకు అమ్మి, వాటినే పాతికేళ్లకు అద్దెకు తీసుకుంది. మొదటి ఏడాది అద్దె 3.16 కోట్ల డాలర్లు, ఆ తర్వాత ఏటా కనీసం 2 శాతం పెంపు. విడగొడితే సెంటర్‌కి సగటున ఏడాదికి 8.3 లక్షలు, అంటే రోజుకు 2,200 డాలర్లకు పైనే. ఒక్క బంతి కదలకపోయినా అది కట్టాల్సిందే. సొంత భవనంలో నడిచే యజమాని డల్ సీజన్‌లో రేటు తగ్గించి నెట్టుకురాగలడు. ఏటా పెరిగే అద్దె మెడ మీద ఉంటే ఆ వెసులుబాటు ఎంత మిగులుతుంది?

2020 మార్చిలో కరోనా దెబ్బకు సెంటర్లు మూతపడ్డాయి. తెరిచాక ముందస్తు ఆన్‌లైన్ బుకింగ్ బాగా అలవాటైంది. గిరాకీని బట్టి రేటు మార్చే పద్ధతి విమానాలు, హోటళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఏ స్లాట్ ఎంత త్వరగా నిండుతోందో కంప్యూటర్‌కి తెలిసిపోయాక లేన్ల విషయంలోనూ అది తేలికైంది. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం తాకింది. జీతాలు, కరెంటు, సరుకులు నిజంగానే పెరిగాయి, యజమానుల మాటలో అబద్ధం లేదు. అయితే ద్రవ్యోల్బణం నెమ్మదించినంత మాత్రాన పెరిగిన రేటు వెనక్కి రాదు.

ధర ఎంత ఉండాలో ఏ ప్రభుత్వమూ చెప్పదు. దాన్ని ఎలా చూపించాలో మాత్రం కొన్నిచోట్ల చెబుతున్నారు. తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ప్రకటించాలని కాలిఫోర్నియా 2024 జులై 1 నుంచి చాలా వ్యాపారాలకు నియమం పెట్టింది. బ్రిటన్‌లో ఇలాంటి నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా అంతటికీ వర్తించేలా 2025 మేలో వచ్చిన ఫీజుల నియమం కచేరీల వంటి ప్రదర్శనల టికెట్లకు, హోటళ్లకు, తాత్కాలిక బసలకే పరిమితం. బౌలింగ్ దాని కిందికి రాదు.

ఇంతలో యంత్రం మళ్లీ మారుతోంది. పిన్నుల తలలకు తాళ్లు కట్టి తోలుబొమ్మల్లా పైకి లాగి నిలబెట్టే స్ట్రింగ్ యంత్రాలు వేగంగా వ్యాపిస్తున్నాయి. వాటిలో విడిభాగాలు తక్కువ, కరెంటు తక్కువ, వెనక ఎప్పుడూ మెకానిక్ ఉండక్కర్లేదు. తాడు వల్ల పిన్ను పడే తీరు మారుతుందని పాత ఆటగాళ్ల ఫిర్యాదు. అమెరికా బౌలింగ్ సంఘం 2023లో దీన్ని విడి విభాగంగా గుర్తించింది. 1950ల యంత్రం ఆటను జనం దగ్గరికి తెచ్చిందంటే, ఆ రోజుల్లో రేటు కోసం బేరమాడే లీగ్‌లు ఉన్నాయి కాబట్టి. ఈసారి మిగిలే ఖర్చులో కొంతైనా ఆడేవాళ్లకు రావాలంటే, సీజన్ కాని నెలల్లో స్థానికులకు గేమ్ లెక్కన లేన్లు ఇమ్మని సెంటర్లను అడగాల్సింది ఆ ఊళ్లోనే ఉండే వాళ్లు, ఊరి క్లబ్బులు, స్కూళ్లు. ఖాళీగా ఉండే మంగళవారాలు సెంటర్లకూ భారమే కాబట్టి, అడగడానికి అదే సరైన సమయం.