ఇంటర్ పాసయ్యారు, ర్యాంకు వచ్చింది, సీటు ఎందుకు రాదు? అపోహలు - వాస్తవాలు

పాసవడం ఒక లెక్క, అర్హత ఇంకో లెక్క, ర్యాంకు మరో లెక్క, స్థానికత వీటన్నిటికీ సంబంధం లేని లెక్క. ఈ నాలుగింటినీ కలిపి చూడటం వల్లే ఏటా ఎంతోమంది పిల్లలు చివరి నిమిషంలో నష్టపోతున్నారు. తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాటలను తీసుకుని, అసలు నిబంధన ఏమిటో చెబుతున్నాం. మార్కుల లెక్కలు తెలంగాణలో ఇన్నేళ్లుగా నడుస్తున్న ఇంటర్ పద్ధతివి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 ఫస్టియర్ నుంచి పేపర్ల స్వరూపం మారింది కాబట్టి అక్కడివాళ్లు తమ బోర్డు పట్టికే చూసుకోవాలి.

"అన్నీ కలిపి 35 శాతం దాటితే పాసే కదా!"

కాదు. ప్రతి పేపరూ విడిగా గట్టెక్కాలి. ఎంపీసీలో 75 మార్కుల మ్యాథ్స్ పేపరుకు 26, 60 మార్కుల ఫిజిక్స్, కెమిస్ట్రీ థియరీకి 21, 30 మార్కుల ప్రాక్టికల్‌కు 11 రావాలి. మ్యాథ్స్ 1ఏలో 70 వచ్చినా 1బీలో 25 దగ్గర ఆగిపోతే 1బీ ఫెయిలే. అక్కడి మిగులు ఇక్కడ సర్దరు. అయితే పాసైన పేపర్లు మాత్రం ఎక్కడికీ పోవు, తప్పిన పేపరు ఒక్కటే సప్లిమెంటరీలో రాసుకుంటే సరిపోతుంది.

"ఎథిక్స్, ఎన్విరాన్‌మెంట్ పరీక్షలు లెక్కలోకి రావు, రాయకపోయినా ఏం కాదు"

మార్కులు మొత్తంలో కలపరన్నది నిజమే. కానీ ఫస్టియర్‌లో పెట్టే ఆ రెండు పరీక్షలూ పాసవకపోతే ఇంటర్ పాస్ సర్టిఫికెట్ చేతికి రాదు. మిగతా అన్ని పేపర్లలో తొంభై శాతం తెచ్చుకున్నా సరే. జనవరిలో గైర్హాజరైతే ఆ సంగతి అప్పుడే కాలేజీ ఆఫీసులో చెప్పి, మళ్లీ ఎప్పుడు రాయాలో కనుక్కోండి.

"ఇంటర్ ఎలాగోలా పాసైతే చాలు, ఎప్‌సెట్ ర్యాంకే సీటు ఇస్తుంది"

ఎక్కువమందిని దెబ్బతీసేది ఈ నమ్మకమే. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వాటాను, అంటే వెయిటేజీని, 2023లో పూర్తిగా తీసేశారు. దాంతో ఇంటర్ మార్కులకు ఇక పనే లేదన్న అభిప్రాయం పాతుకుపోయింది. వెయిటేజీ పోయిందే తప్ప అర్హత నిబంధన పోలేదు. ఇంజినీరింగ్ సీటు కావాలంటే గ్రూపు సబ్జెక్టులు మూడూ కలిపి 45 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 40 శాతం.

లెక్క వేసి చూడండి. మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, మొత్తం 600. ఇందులో 45 శాతం అంటే 270, 40 శాతం అంటే 240. ఇప్పుడు అన్నిట్లోనూ అంచు మీద పాసైన పిల్లాడిని తీసుకుందాం. మ్యాథ్స్ నాలుగు పేపర్లకు 104, ఫిజిక్స్‌కు 21, 21, 11 కలిపి 53, కెమిస్ట్రీకి మరో 53. మొత్తం 210. పాసయ్యాడు, మెమో చేతికొచ్చింది, ఎప్‌సెట్‌లో ర్యాంకూ ఉంది. అయినా ఓసీ అయితే 60 మార్కులు, రిజర్వుడు వర్గమైతే 30 మార్కులు తక్కువపడి సర్టిఫికెట్ల పరిశీలన దగ్గరే ఆగిపోతాడు. ఇంగ్లిష్‌లో, సెకండ్ లాంగ్వేజ్‌లో ఎన్ని వచ్చినా ఈ లోటు తీరదు, అవి గ్రూపు సబ్జెక్టులు కావు.

అందుకే ఫస్టియర్ ఫలితం రాగానే గ్రూపు మార్కులు విడిగా కూడి చూసుకోండి. పాసైన పేపర్లను కూడా ఇంప్రూవ్‌మెంట్ కింద సప్లిమెంటరీలో మళ్లీ రాయొచ్చు. రెండిట్లో ఏది ఎక్కువైతే ఆ మార్కులే ఉంచుతారు. కాబట్టి తగ్గుతాయేమోనన్న భయం అక్కర్లేదు.

ఎప్‌సెట్‌కూ ఒక గీత ఉంది: 160కి 40 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీసం లేదు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

ఆంధ్రప్రదేశ్ సంగతి వేరు. అక్కడి ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. 2025 వరకు దాని ర్యాంకులో పరీక్షకు 75, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వాటా. ఈఏపీసెట్‌లో 80 వస్తే 37.5, గ్రూపులో 600కు 540 వస్తే 22.5, కలిపి 60. గ్రూపు 480 అయితే కలిపినది 57.5కు పడుతుంది. ఆ రెండున్నరను పరీక్షలో పూడ్చాలంటే ఐదారు మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. సీబీఎస్‌ఈ లాంటి ఇతర బోర్డుల పిల్లలు తమ మార్కులను డిక్లరేషన్ ద్వారా తామే పంపాలి. పంపకపోతే ర్యాంకు ఇవ్వరు.

"75 శాతం లేకపోతే జేఈఈ రాయనివ్వరు"

రాయనిస్తారు. 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) అడిగేది ఎన్‌ఐటీలు, ఐఐఐటీలు, ఐఐటీల్లో చేరేటప్పుడు. అది లేకున్నా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో ఉంటే చాలు.

అవకాశాల లెక్క దగ్గర మాత్రం పెద్ద పొరపాటు జరుగుతోంది. ఎన్‌ఐటీలు, ఐఐఐటీల కోసం రాసే జేఈఈ మెయిన్‌కు ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి మూడేళ్లు. ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లే, అదీ ఇంటర్ సెకండియర్ మొదటిసారి రాసిన ఏడాది నుంచి. 2025 మార్చిలో మొదటిసారి రాసినవారికి 2025, 2026 మాత్రమే. ఆ మొదటిసారి ఫెయిలైనా రాసినట్టే లెక్క. "ఓపెన్ స్కూల్‌లో మళ్లీ ఇంటర్ రాస్తే కొత్తగా రెండు అవకాశాలు వస్తాయి" అని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. నిబంధన చూసేది పాసైన ఏడాదిని కాదు, మొదటిసారి రాసిన ఏడాదిని.

మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కు ఇలాంటి పరిమితి లేదు. ఆ ఏడాది డిసెంబరు 31కి 17 నిండితే చాలు, పై వయసు లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉండాలి.

"రీవెరిఫికేషన్ పెడితే పేపరు మళ్లీ దిద్దుతారు"

రీకౌంటింగ్ అంటే కూడిక సరిచూడటం, అంతే. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో చూసి, జవాబుపత్రం స్కాన్ కాపీ ఇస్తారు. జవాబుకు వేసిన 4 మార్కులు 6 కావాల్సిందన్న వాదన రెండింట్లోనూ చెల్లదు. కూడిక తప్పు, వదిలేసిన పేజీ ఉన్నాయన్న అనుమానం గట్టిగా ఉంటేనే డబ్బు పెట్టండి. ఒక పేపరు ఫెయిలైతే దీని ఫలితం కోసం కాచుక్కూర్చోకుండా సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టేయాలి, రెండు గడువులూ దాదాపు ఒకేసారి ముగుస్తాయి.

"మాది హైదరాబాదే, ఆధార్ కూడా ఇక్కడిదే, లోకల్ కాకుండా ఎలా పోతాం?"

స్థానికతను తేల్చేది ముందుగా చదివిన చోటు, ఆధార్ కాదు. తెలంగాణ మెడికల్ సీట్లకు 9వ తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ వరకు నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. ఖమ్మంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌కు విజయవాడ కార్పొరేట్ కాలేజీకి పంపే ఇళ్లలో ఈ విషయం అడ్మిషన్ ఫీజు కట్టకముందే మాట్లాడుకోవాలి. రెండేళ్ల తర్వాత ఏ సర్టిఫికెట్ తెచ్చినా ఆ ఖాళీ పూడదు. అన్నీ తెలంగాణలోనే చదివినవాళ్లు 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మధ్యలో స్కూలు మూతపడితే మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది, కౌన్సెలింగ్ షెడ్యూలు అందుకోసం ఆగదు.