ఆ నల్ల విండో అంటే భయమెందుకు? కొన్ని అపోహలు - వాస్తవాలు

సిస్టమ్ సపోర్ట్‌లో ఉన్నవాళ్ల చెవిన పదే పదే పడే మాటలు కొన్ని ఉంటాయి. ఎక్కువగా విండోస్ గురించే కాబట్టి ఇక్కడ దాని గురించే రాస్తున్నా.

అపోహ: కమాండ్ ప్రాంప్ట్‌లో (కమాండ్లు టైప్ చేసే ఆ నల్ల విండోలో) ఒక్కటి తప్పు కొట్టినా సిస్టమ్ పోతుంది.

పోదు. రోజువారీ కమాండ్లు చాలావరకు చూసి చెప్పేవే, దేన్నీ మార్చవు. 'ఐపీకాన్ఫిగ్' మీ నెట్‌వర్క్ అడ్రస్ చూపిస్తుంది. 'పింగ్' కొడితే అవతలి మెషీన్ పలుకుతోందో లేదో తెలుస్తుంది. స్పెల్లింగ్ తప్పితే అలాంటి కమాండ్ ఏదీ లేదని చెప్పి ఊరుకుంటుంది, అంతే. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఇచ్చి తెరిస్తే తప్ప విండోస్ సొంత ఫైళ్లను మార్చనివ్వదు కూడా.

మీ సొంత ఫైళ్ల సంగతి వేరు. మౌస్‌తో డిలీట్ చేసిన ఫైల్ మామూలుగా రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, 'డెల్' కమాండ్‌తో తీసేసింది అక్కడికి వెళ్లదు. అందుకే స్టార్ గుర్తు (ఆ చోట ఏ అక్షరాలైనా ఉండొచ్చని చెప్పేది) పెట్టి ఒకేసారి పది ఫైళ్లు తీసేయాలనుకుంటే, ముందు 'డెల్' బదులు 'డిర్' అని పెట్టి అదే లైన్ కొట్టండి. పోబోయే ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. అవే అని నమ్మకం కుదిరాక డెల్ చేయండి.

అపోహ: రీస్టార్ట్ కన్నా షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తేనే మంచిది.

ఎంత చెప్పినా జనం నమ్మనిది ఇదే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నల్ (దాని ప్రధాన భాగం), డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రాములు) ఉన్న స్థితిలోనే డిస్క్ మీదకి సేవ్ అవుతాయి. మళ్లీ ఆన్ చేస్తే అదే స్థితి వెనక్కి వస్తుంది. డ్రైవర్ మొరాయిస్తుంటే ఆ మొరాయింపూ దాంతోపాటే వస్తుంది! రీస్టార్ట్‌లో అలా కాదు, అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది.

అనుమానముంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ చూస్తే కింద 'అప్ టైమ్' ఉంటుంది. రాత్రే షట్‌డౌన్ చేసినా అక్కడ రోజుల లెక్క కనిపిస్తోందంటే కారణం ఇదే. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. అదే సిస్టమ్‌లో విండోస్ పక్కనే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసుకున్నవాళ్లు ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేసుకోవడమే మేలు. లేదంటే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఏదీ రాయలేక తంటాలు పడతారు.

అపోహ: రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) క్లీన్ చేస్తే, ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే స్పీడ్ పెరుగుతుంది.

రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత ఎంట్రీల వల్ల తెలిసేంత భారం ఉండదు. క్లీనర్ పొరపాటున పనికొచ్చేది తీసేస్తే మాత్రం తలనొప్పే. ఇక ప్రీఫెచ్ ఉన్నదే ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి. దాన్ని ఖాళీ చేసి స్పీడ్ కావాలంటే ఎలా?

అపోహ: 'ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ' కమాండ్ సర్వరోగ నివారిణి.

అది విండోస్ సిస్టమ్ ఫైళ్లను మాత్రమే సరిచూసి, చెడిపోయిన వాటి స్థానంలో దాచి ఉంచిన మంచి కాపీని పెడుతుంది. ఆ కాపీలే చెడితే ముందు 'డిజమ్' కమాండ్‌తో 'రీస్టోర్ హెల్త్' నడిపి, తర్వాత దీన్ని నడపాలి. చచ్చిపోతున్న హార్డ్ డిస్క్‌ని ఇది బాగు చేయలేదు. అలాంటి డిస్క్ నుంచి ముందు డేటా బయటికి తీసుకోండి.

అపోహ: స్క్రీన్ మీద స్టెప్పులు చూపిస్తున్నారంటే నమ్మొచ్చు.

ఇప్పుడు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమంటుంది (దాంతో కమాండ్లు నడిపే 'రన్' బాక్స్ తెరుచుకుంటుంది), తర్వాత కంట్రోల్, వి నొక్కి ఎంటర్ కొట్టమంటుంది. మీరు దేన్నీ కాపీ చేయకపోయినా, ఆ పేజీయే మీ క్లిప్‌బోర్డ్‌లో ఒక కమాండ్ పెట్టేసి ఉంటుంది. ఎంటర్ కొట్టారా, మాల్‌వేర్‌ని (హాని చేసే ప్రోగ్రామ్‌ని) చేజేతులా పిలిచినట్టే. రోబో కాదని తేల్చే అసలైన పరీక్ష (క్యాప్చా) ఏదీ రన్ బాక్స్ తెరవమనదు. ఇప్పటికే కొట్టేసి ఉంటే వెంటనే నెట్ తీసేయండి, పాస్‌వర్డ్లు వేరే పరికరం నుంచి మార్చుకోండి, ఆ తర్వాతే స్కాన్ సంగతి చూడండి.