డెక్ చెక్కల మధ్య సందులెందుకు?

చిన్నూకీ, బుజ్జికీ,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "తాతా, నాన్న ఇంత డబ్బెట్టి పెరట్లో డెక్, అదే చెక్కల అరుగు, వేయిస్తుంటే కార్పెంటర్ చెక్కలు దగ్గరగా పెట్టకుండా సందులొదిలేస్తున్నాడు, నా పెన్సిల్ కింద పడిపోయింది" అని. పెన్సిల్ సంగతి నాన్నకి చెప్పు. సందులు మాత్రం ఆయన కావాలనే వదిలాడు, పని తెలిసినోడు.

మీరు నులక మంచం చూశారా? భీమిలిలో మా వాకిట్లో ఉండేది, గోగునార నులకది. వేసవిలో దాని మీద పడుకుంటే కింద నుంచి వీపుకి చల్లగా గాలి తగిలేది, ఆ సందుల్లోంచే. డెక్ కూడా అంతేరా. మంచానికి కోళ్ళు, దీనికి స్తంభాలు. మంచానికి పట్టెలు, దీనికి అడుగున 16 అంగుళాలకొకటి వేసే దూలాలు, అవి ఎడం ఎక్కువైతే నడుస్తుంటే చెక్క ఊగుతుంది. పైన నులక బదులు చెక్కలు. ఇంకా ఉంది, వానకి మంచం తడిసిందంటే నులక బిగుసుకుపోయి తెల్లారేసరికి ఒక కోడు గాల్లోకి లేచేది, నేనూ అన్నయ్యా చెరో మూల కూర్చుని టకటకా ఊగేవాళ్ళం, మా నాయనమ్మ చీపురు పట్టుకొచ్చేదాకా.

నార తడిస్తే లావవుతుంది, లావయ్యేసరికి తాడు పొట్టిదవుతుంది. చెక్క లోపలా నారే, కాకపోతే అది వెడల్పు వైపు ఉబ్బుతుంది, పొడవు వైపు దాదాపు కదలదు. అందుకే పక్కపక్కన ఓ 5 మిల్లీమీటర్లు వదులుతారు. వదలకపోతే వానాకాలంలో ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి, నీళ్ళు నిలిచి కుళ్ళు పడుతుంది. చెట్టు కొట్టి ఎన్నేళ్ళయినా ఆ చెక్క తేమ తాగడం మానదు చూడండి, తల్చుకుంటే నాకు భలే ఉంటుంది.

కానీ వానొస్తే మంచాన్ని లోపల పెట్టేస్తాం, డెక్‌ని పెట్టలేం కదా. కాబట్టి స్తంభాలు మట్టిలో పాతకుండా సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టమనండి, లేకపోతే తేమా చెదలూ రెండూ ఎక్కుతాయి. సందుల్లో ఇరుక్కున్న ఆకులు మీరిద్దరూ ఊడ్చాలి, అమ్మకి వదిలేయకండి, అక్కడ కూర్చుని ఐస్‌క్రీమ్ తినేది మీరేగా.

రంగు మరీ ముదురుది వద్దు, మే నెలలో కాళ్ళు కాలతాయి. నీడకి రేకులూ వద్దు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలికి మన ఊళ్ళో ఏమేం ఎగిరాయో నాన్ననడగండి. గట్టి పందిరి వేసి మల్లెతీగ పాకిస్తే చాలు. కుర్చీలు తూర్పుకి వేసుకోండి, మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి అటే వస్తుంది, పైగా సాయంత్రం ఎండ మీ వీపు వెనకే ఉండిపోతుంది. వంటింటి గుమ్మం నుంచి బట్టలారేసే తీగ దాకా దారి మాత్రం ఖాళీగా ఉండాలి.

స్క్రూల సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రం పక్కన మామూలు ఇనుము తుప్పు కారి చెక్క మీద నల్లగా చారలు దిగుతాయి. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 కంటే 316 రకం నయం, అందులో మాలిబ్డినం అనే లోహం కలుపుతారు, ఉప్పుకి తట్టుకుంటుంది. ఉప్పు ఇనుముని ఎలా తింటుందో నేను చెప్తే క్లాసులా ఉంటుంది. ఆదివారం బీచ్ రోడ్ కెళ్ళినప్పుడు దీపస్తంభాల మొదట్లో బోల్టులుంటాయి, వంగి చూడండి. సముద్రం వైపువీ, రోడ్డు వైపువీ ఒకేలా ఉన్నాయా? ఫోటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యండి.

మీ తాత