ప్రిటోరియాలో ఆ నాలుగు రోజులు: ‘విజిట్ రువాండా’ గొడవ వెనుక కథ

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ జెర్సీ చేతి మీద 2018 నుంచి కనిపిస్తున్న, ఆఫ్రికా దేశం రువాండా పర్యాటక ప్రకటన ‘విజిట్ రువాండా’ అక్షరాలు 2026 జూన్‌తో పోతున్నాయి. ఒప్పందం ఇక కొనసాగదని క్లబ్ 2025 నవంబర్‌లోనే చెప్పేసింది. జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్ ఇంకా ముందే, ఆగస్టులో, ప్రకటనల ఒప్పందాన్ని వదులుకుని దాన్ని పిల్లల ఫుట్‌బాల్ శిక్షణకు మార్చుకుంది. ఫుట్‌బాల్ క్లబ్బులు ఇలా ఒక్కొక్కటే తప్పుకుంటుంటే బాస్కెట్‌బాల్ మాత్రం మరింత దగ్గరైంది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ అదే పేరును తమ జెర్సీ మీదికి ఎక్కించింది. బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్ (బీఏఎల్) ఫైనల్స్ కూడా, 2023లో రాసుకున్న ఒప్పందం ప్రకారం, 2026లో మళ్లీ రువాండా రాజధాని కిగాలికే వెళ్లాలి. దాంతో, ఒక ప్రభుత్వ ప్రకటనను ఆటగాళ్లు వేసుకుని తీరాలా అన్న పాత గొడవ తిరిగి లేచింది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా కలిసి ఈ లీగ్‌ను ఎలా పెట్టాయో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు తెలిసిందే. ఆ కథ జోలికి పోవడం లేదు. ఇవాళ్టి వివాదం అర్థం కావాలంటే 2024 మార్చి 9 నుంచి 12 దాకా దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఏం జరిగిందో తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

లీగ్‌కు అది పెద్ద సంవత్సరం. అప్పటిదాకా డకార్, కైరో, కిగాలి నగరాల్లోనే ఆడిన బీఏఎల్ మొదటిసారి దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది. సహారా, నైల్ కాన్ఫరెన్స్‌లకు (జట్ల గ్రూపులకు) తోడు కలహారీ అనే మూడోది వచ్చింది. ప్రిటోరియాలోని సన్‌బెట్ అరీనాలో మార్చి 9న సీజన్ మొదలైంది. రువాండా పొరుగు దేశం బురుండి నుంచి ఈ లీగ్‌కు అర్హత సాధించిన తొలి క్లబ్ డైనమో కూడా అక్కడే ఉంది. చిన్న దేశం, పేద దేశం. అలాంటి చోటు నుంచి వచ్చిన కుర్రాళ్లకు అది జీవితంలో అతి పెద్ద వేదిక.

వాళ్లు కోర్టులోకి వచ్చేసరికి జెర్సీల మీద ‘విజిట్ రువాండా’ అని ఉండాల్సిన చోట టేపు అంటించి ఉంది. ఆ టేపుతోనే ఆడారు. కేప్‌టౌన్ టైగర్స్‌ను 86-73తో ఓడించారు. ఆ ఒక్క మ్యాచే వాళ్ల సీజన్ మొత్తం. మర్నాడు మొరాకో క్లబ్ ఎఫ్‌యూఎస్ రబాత్‌తో జరగాల్సిన మ్యాచ్‌కు ముందు, లోగో కనిపించాల్సిందేనని లీగ్ పట్టుబట్టింది. డైనమో ఒప్పుకోలేదు. మ్యాచ్ ఆడకుండానే ఓడినట్టు ప్రకటించారు. 12న అంగోలా క్లబ్ పెట్రో డి లువాండాతోనూ అదే జరిగింది. రెండు మ్యాచ్‌లు అలా వదులుకుంటే జట్టు టోర్నీ నుంచి బయటికే. జెర్సీ, యూనిఫాం నిబంధనలను పాటించడానికి నిరాకరించారన్నది లీగ్ ఇచ్చిన కారణం. ఆ తొలి మ్యాచ్‌లో ఓడిన కేప్‌టౌన్ టైగర్స్ తర్వాత సెమీఫైనల్ దాకా వెళ్లింది.

నిబంధన నిబంధనే, ఒకరికి మినహాయిస్తే రేపు అందరూ అడుగుతారని లీగ్‌ను సమర్థించేవాళ్లు అంటారు. స్పాన్సర్ డబ్బు లేకపోతే లీగే లేదని కూడా అంటారు. ఆ వాదనలో బలం లేదని కాదు. కానీ ఆ టేపు ఎందుకు వచ్చిందో చెప్పకుండా నిబంధన గురించి మాత్రమే మాట్లాడితే అది సగం కథే అవుతుంది.

2023 డిసెంబర్ 22న బురుండిలో, కాంగో సరిహద్దు దగ్గర్లోని వుగిజో అనే ఊరి మీద రెడ్-తబారా అనే బురుండి తిరుగుబాటుదారులు దాడి చేశారు. 20 మంది చనిపోయారని బురుండి ప్రభుత్వం ప్రకటించింది. వాళ్ల వెనుక ఉన్నది రువాండాయేనని ఆరోపించింది. రువాండా కాదంది. 2024 జనవరి 11న బురుండి రువాండాతో ఉన్న సరిహద్దు మూసేసింది. 2015 సంక్షోభంలో మూసి, ఏళ్ల తర్వాత తెరిచిన దారులే అవి. రెండు పక్కలా చుట్టాలు, చిన్న వ్యాపారాలు ఉన్న జనం మళ్లీ ఇరుక్కుపోయారు. దాదాపు రెండు నెలల తర్వాత, రోడ్డు మీద రువాండాలోకి అడుగు పెట్టలేని ఆటగాళ్లను ‘రువాండా చూడండి’ అన్న ప్రకటన ఛాతీ మీద వేసుకోమన్నారు. వేసుకుని ఆడి, తిరిగి బురుండిలోని బుజుంబురాకు వెళ్లి, వాళ్లు ఎవరికి ఏమని సమాధానం చెప్పుకుంటారు? స్వదేశంలో ప్రభుత్వం, కోర్టులో లీగ్. మధ్యలో నలిగింది ఆటగాళ్లే.

సరిహద్దు మూత రాత్రికి రాత్రి వచ్చిపడింది కాదు. లీగ్ నిర్వాహకులకు ఆలోచించుకోవడానికి ఎనిమిది వారాల సమయం ఉంది. ఆటల్లో ఇలాంటి చిక్కులకు దారులు దొరికిన సందర్భాలు లేకపోలేదు. అదే దక్షిణాఫ్రికాలో హషీమ్ ఆమ్లా బీర్ కంపెనీ లోగో లేని జెర్సీతో ఏళ్ల తరబడి దేశానికి ఆడాడు. 2013లో శ్రీలంక ఆటగాళ్లను చెన్నైలో ఆడించడానికి తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకోనప్పుడు ఐపీఎల్ ఏం చేసిందో మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్‌గా ఉన్న సంగక్కర చెన్నై మ్యాచ్‌కు దూరంగా ఉండాల్సి వచ్చింది. చెన్నైలో జరగాల్సిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఢిల్లీకి మారాయి. ఆ పరిష్కారం సంగక్కరకు న్యాయం చేసిందని నేను అనను. కానీ ఏ జట్టునూ టోర్నీ నుంచి పంపేయలేదు.

బీఏఎల్ ఎందుకు ఆ మాత్రం వంగలేకపోయింది? దానికి 2020 దాకా వెనక్కి వెళ్లాలి. తొలి సీజన్ ఆ ఏడాది మార్చి 13న డకార్‌లో మొదలు కావాలి. కరోనా వచ్చి ఆగిపోయింది. ఏడాదికి పైగా ఎదురుచూశాక 2021 మే 16న మొదలుపెట్టి, 12 జట్లనూ ఒకే చోట ఉంచి ఒకే అరీనాలో మొత్తం టోర్నీ ముగించారు. ఆ చోటు కిగాలి. 2019లో కట్టిన, పది వేల సీట్ల అరీనా అక్కడ సిద్ధంగా ఉంది. బయో బబుల్ నడపగల యంత్రాంగం ఉంది. లీగ్ చచ్చిపోకుండా నిలబెట్టింది కిగాలీయే, ఆ గౌరవం దానికి దక్కాలి. అయితే అప్పుడు మొదలైన ఆసరా తర్వాత అలవాటైపోయింది. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు ఫైనల్స్ అక్కడే జరిగాయి. ఆతిథ్యమిచ్చేది రువాండా, స్పాన్సర్ రువాండా. 2024లో లీగ్‌లో ఆడిన ఏపీఆర్ ఆ దేశ సైన్యం క్లబ్బే. మామూలు కంపెనీ లోగో మీద టేపు వేస్తే అది డబ్బు తగాదా. ఇక్కడ స్పాన్సర్ ఒక ప్రభుత్వం. పొరుగు దేశంతో దానికి తగువు ఉంది. అలాంటప్పుడు యూనిఫాం రూల్‌కు రాజకీయం లేదనడం ఎలా కుదురుతుంది?

ఆ సీజన్ మిగతా భాగం బాగానే సాగింది. జూన్ 1న ఫైనల్లో పెట్రో డి లువాండా లిబియా క్లబ్ అల్ అహ్లిని 107-94తో ఓడించింది. ఉత్తర ఆఫ్రికా బయటి జట్టు టైటిల్ గెలవడం అదే మొదటిసారి. అంగోలా అభిమానుల ఆనందానికి హద్దుల్లేవు. కానీ జూలైలోనే ఎన్‌బీఏకు, కిగాలికి ఉన్న సంబంధాల మీద అమెరికా క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ పరిశోధన కథనం వచ్చింది. ఇద్దరు అమెరికా సెనేటర్లు, ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమోక్రాట్, ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్‌కు ఘాటుగా లేఖ రాశారు. తూర్పు కాంగోలో 3,000 నుంచి 4,000 మంది రువాండా సైనికులు ఎం23 తిరుగుబాటుదారులతో కలిసి ఉన్నారని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదిక చెప్పిందీ ఆ నెలలోనే. ఎం23కి తాము మద్దతివ్వడం లేదని రువాండా అంటూనే ఉంది.

2025 జనవరిలో ఎం23 తూర్పు కాంగోలోని గోమా నగరాన్ని పట్టుకుంది. ఫిబ్రవరిలో కాంగో విదేశాంగ మంత్రి తెరెస్ కయిక్వాంబా వాగ్నర్ యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులకు లేఖలు రాశారు. ఆర్సెనల్, బేయర్న్ నిర్ణయాలు ఆ తర్వాతివే. మేలో మాత్రం కిగాలిలో నైల్ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు అనుకున్నట్టే జరిగాయి. ఆ ఏడాది ఫైనల్స్ ప్రిటోరియాలో, డైనమో టేపుతో ఆడిన అదే అరీనాలో జరిగాయి. డిసెంబర్‌లో ఎం23 బుజుంబురాకు దగ్గర్లోని కాంగో నగరం ఉవీరా దాకా వచ్చేసింది.

ఇప్పుడు మళ్లీ కిగాలి వంతు. ఫైనల్స్ అక్కడ పెట్టొద్దని అడిగేవాళ్లున్నారు. పెట్టాల్సిందేనని, ఆ అరీనా మీద బతికే యువతను శిక్షించొద్దని అనేవాళ్లున్నారు. అది ఇప్పట్లో తేలేది కాదు. ఒక ప్రభుత్వ ప్రకటనను వేసుకోవడం ఆటగాళ్లకు ప్రమాదమైనప్పుడు, ఆ జట్టు సాదా జెర్సీతో ఆడవచ్చని ఒక్క వాక్యం రూల్ బుక్‌లో చేర్చడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. లీగ్ తలచుకుంటే ఒక సమావేశంలో అయిపోయే పని అది.